కిటికీ వైపు పెద్దవాళ్లు

గొడుగు మాస్టారికి ఎనభై నిండబోతున్నాయి. ఎండైనా వానైనా చంకలో గొడుగు లేనిదే గడప దాటేవారు కాదు కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్న లెక్కల టీచరమ్మకి మాత్రం ఆయన్ని తలచుకుంటే గొడుగు కన్నా ముందు ఒక మాట గుర్తొస్తుంది. తన దగ్గర ఒకానొక ఏడు చదివినవాళ్లు ఎక్కడ ఎదురుపడినా, తలలు నెరిసినవాళ్లయినా సరే, ఆపి మరీ చెప్పేవారు: "నా వల్ల మీకు ఒక ఏడు చదువు పోయిందమ్మా. ఏమనుకోకండి."

ఆ ఏడు ఆమె మూడో తరగతి. వానలకి వాళ్ల గది కప్పు కారింది. బాగుచేయించమని మాస్టారు రాసిన ఉత్తరాలకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. చేసేది లేక మూడో తరగతినీ ఐదో తరగతినీ ఒకే గదిలో కలిపేశారు, బెంచీకి ఒక చిన్న, ఒక పెద్ద. పక్కన కూర్చున్న రెండు జడల అక్కే ఆమెకి భాగహారం నేర్పింది. తప్పు చేస్తే మొట్టికాయ, ఒప్పు చేస్తే సగం పెన్సిలు. ఎంత బావుండేది ఆ గది! తడిసిన సున్నం వాసన, గదినిండా గుసగుసలు. ఇప్పటికీ భాగహారం చెప్పేటప్పుడు ఆమెకి ఆ గదే కళ్లముందు మెదులుతుంది.

అప్పుడే పరాయి దేశం నుంచి ఇద్దరు వచ్చి, రెండు రోజులు గోడవారగా కూర్చుని ఏదేదో రాసుకుపోయారు. వాళ్ల వెనకే ఇన్‌స్పెక్టరు దిగాడు. తరగతులు కలిపి పిల్లల చదువు చట్టుబండలు చేశారని మండిపడి, మాస్టారి చేత క్షమాపణ పత్రం రాయించుకున్నాడు. రాయించుకున్నవాడు మర్చిపోయి ఉంటాడు. రాసిన అమాయకుడు మాత్రం అందులో ప్రతి అక్షరాన్నీ నమ్మాడు.

నలభై ఏళ్లు గడిచాయి. మొన్న టీచర్లందరికీ ట్రైనింగు పెట్టారు. తన కూతురి వయసున్న పిల్ల లావుపాటి పుస్తకం పంచి, "జోడు బెంచీ పద్ధతి" అంది. బెంచీకి ఒక చిన్న, ఒక పెద్దట. సముద్రం అవతల ఒక దేశంలో మొదలైందట, మూడు దేశాలు తీసుకున్నాయట, ఇప్పుడు మన వంతట. పదిహేడో పేజీలో ఉంది: పెద్ద విద్యార్థిని ఎప్పుడూ కిటికీ వైపే కూర్చోబెట్టాలి. ఎందుకో రెండు పేజీల వివరణ. వెలుతురట, బాధ్యతట, నాయకత్వ లక్షణాలట.

టీచరమ్మకి నవ్వాగలేదు.

"ఏంటి మేడమ్?" అంది ట్రైనింగు పిల్ల.

"ఇది మా బడమ్మా. ఆ కిటికీకి రెక్కలుండేవి కావు, జల్లు కొట్టేది. చిన్నపిల్లలు తడిస్తే జలుబు చేస్తుందని మా మాస్టారు పెద్దవాళ్లని అటు కూర్చోబెట్టేవారు."

"పుస్తకంలో అలా లేదండీ," అంది ఆ పిల్ల మర్యాదగా.

సాయంత్రం టీచరమ్మ ఆ పుస్తకం పట్టుకుని మాస్టారింటికి వెళ్లింది. మొదటి నుంచీ చదివి వినిపించింది. కిటికీ దగ్గరికొచ్చేసరికి ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. ఉన్నట్టుండి ఆగిపోయారు.

"అయితే... మీకు ఆ ఏడు పోలేదంటావా?"

"పోయుంటే నేను లెక్కల టీచర్నెలా అయ్యేదాన్ని మాస్టారూ?"

ఆయన కళ్లజోడు తీసి, తుడుస్తూ కూర్చున్నారు.

మంచినీళ్లు తెచ్చిన మాస్టారి భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. "నలభై ఏళ్లుగా నేను చెప్పేది ఇదేగా! పిల్లలు బాగానే ఉన్నారండీ, మీరేం పాడుచేయలేదండీ అని మొత్తుకున్నాను. వింటేగా! పెరటి చెట్టు మందుకు పనికిరాదు మరి. అదే మాట పుస్తకమై ఊళ్లు తిరిగొస్తే చెవికెక్కింది."

మాస్టారు మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచారు. ఆవిడ చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టారు.

"నీ మాట వినకపోవడం నాదే తప్పు. ఏమనుకోకు," అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.