వాజిద్ పదిహేనో చావు

మానుకోటలో నాది నాటకాల బట్టలు కిరాయికిచ్చే దుకాణం. ఏ కథకైనా ఆరు మూటలు చాలు. మంచివాడికి తెల్ల చొక్కా, దుర్మార్గుడికి నల్లకోటు, జ్ఞానికి గడ్డం, తల్లికి నేత చీర, నవ్వించేవాడికి గళ్ల లుంగీ. ఆరోది ఆకుపచ్చ కుర్తా, నమ్మకమైన దోస్తుకు. మిగతావన్నీ ఉతికితే శుభ్రమవుతాయి. కుర్తా మీది కుంకుమ నీళ్ల మరక మాత్రం పోదు. ప్రతి నాటకంలోనూ దోస్తు హీరో కోసం చస్తాడు మరి.

ఆ కుర్తా ఎప్పుడూ మా అక్క కొడుకు వాజిద్ ఒంటి మీదే ఉండేది. మోటార్లకు వైండింగ్ చేసే ముప్పై ఏళ్ల మనిషి. పద్నాలుగు నాటకాలు, పద్నాలుగు చావులు. చివరి రంగంలో ఏం జరుగుతుందో వాడికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

సకల జనుల సమ్మె రోజుల్లో సురేందర్ సార్ వచ్చాడు. బడులు మూతపడటంతో ఆయనకు నాటకం రాసే తీరిక దొరికింది. తెలంగాణ కోసం పోరాడే వీరుడి కథ. వీరుడి వేషం ఆయన కొడుకు హర్షవర్ధన్‌ది. రోడ్డు మీద వంటావార్పు చేసే రోజున ప్రదర్శన.

కాగితాలు తిరగేశాను. వీరుడు అచ్చం సినిమా హీరోలా, కోస్తా భాష మాట్లాడుతున్నాడు. మన యాస నవ్వించేవాడి నోట్లోనే ఉంది.

“మనకోసం కొట్లాడేటోడు గిట్లెందుకు మాట్లాడ్తుండు సార్?”

“వీరుడు గంభీరంగుండాలె భాయ్. ‘ఏంది’, ‘ఎట్ల’ అంటే జనం నవ్వుతరు.”

ఇన్నేళ్లు మనల్ని వెక్కిరించిన సినిమాల నుంచే సార్ మనకొక వీరుణ్ణి తెచ్చాడు.

అప్పుడే వాజిద్ వచ్చాడు. “సార్, గీసారి నేను సావ. అమ్మీ చూడనీకి వస్తది. పద్నాలుగుసార్లు నా పీనుగను సూసింది, ఇగ నా వల్ల కాదంటుంది.”

“నువ్వు సావకుంటే హీరోకు కోపమెట్లొస్తదిరా?”

“నీళ్లు పోయినయ్, కొలువులు పోయినయ్ అని మీరే రాసిన్రు గద సార్. కోపానికి గవి సాలవా?”

సార్ నా వైపు చూశాడు.

“మరక పడేదుంటే కుర్తా ఇయ్య సార్,” అన్నాను.

ఊళ్లో ఇంకో దుకాణం లేదు. సార్ అక్కడే కలం తీసి చావు కొట్టేశాడు. శవం మీద తన కొడుకు ఏడ్చే రెండు పేజీలు కొట్టేయడానికి మాత్రం ఆయనకు చెయ్యి రాలేదు.

ఆ రోజు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగాయి. జనం విస్తర్లు వేసుకుని కూర్చున్నారు. ముందు వరుసలో మా అక్క లతీఫా బేగం. నాటకంలో తుపాకీ పేలింది, వాజిద్ తప్పించుకున్నాడు. హర్షవర్ధన్ పరుగెత్తుకొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“మిత్రమా, నన్ను ఒంటరిని చేసి వెళ్లిపోయావా?”

“నేనేడికి పోలేదుర, ఈడనే ఉన్న గద,” అన్నాడు పక్కన నిలబడ్డ వాజిద్.

జనం విరగబడి నవ్వారు. హర్షవర్ధన్‌కు బట్టీపట్టినవి తప్ప వేరే మాటలు రావు. “నీ రక్తం వృథా కానివ్వను” అంటూ ఖాళీ తారురోడ్డును నిమిరాడు.

“గా ఆంధ్ర పిలగాడు ఎవరికోసం ఏడుస్తుండే?” అని అడిగింది అన్నం వండుతున్న సోమక్క.

పరదా పక్క నుంచి సార్ వాజిద్‌కు చేత్తో సైగ చేశాడు: పడుకో, పడుకో. వాజిద్ ఆ చేతిని చూశాడు. తల్లిని చూశాడు. మా అక్క తన పక్కన నేల మీద అరచేత్తో తట్టింది. వాడు నేరుగా వెళ్లి అక్కడ కూర్చుని విస్తరి ముందుకు లాక్కున్నాడు. సోమక్క వడ్డించింది. ఆ రోజు చప్పట్లు పడింది అక్కడే.

మర్నాడు సార్ మళ్లీ దుకాణానికి వచ్చాడు. డోర్నకల్‌లో ఇంకో ప్రదర్శన ఉందట. వాజిద్ పేరెత్తలేదు.

“మీ ముజమ్మిల్ ఖాళీగున్నడా భాయ్? గా కుర్తా ఆయనకు సరిపోతదనుకుంట.”

ముజమ్మిల్ నా కొడుకు. నేను మెడలోంచి టేపు తీశాను.

“ఎవరికైనా సరిచేసిస్త సార్. హర్షవర్ధన్‌ను పంపున్రి, కొలతలు తీస్కుంట. దోస్తుకోసం ఒక్కసారి ఆయన సస్తడు.”

సార్ ముఖం మాడిపోయింది.

“ఏం మాటలు భాయ్ గవి,” అన్నాడు. “మావోడెట్ల సస్తడు?”