తిలకం గీత దాకా

ఒక బుడగ. దాని వెనకే ఇంకో బుడగ.

గాజు గొట్టంలో పైకి వెళ్తూ ప్రతి బుడగా కాసిని నీళ్లను భుజాన ఎత్తుకుంటుంది. పైకి చేరాక తొట్టిలో దించుతుంది. పగిలిపోతుంది.

నీళ్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

తొట్టి అడుగున ఇసుక. ఇసుక మీద ఒక రాయి. రాతిని పట్టుకుని ఒక పువ్వు — సముద్రపు పువ్వు. లేత గులాబీ రంగు వేళ్లు. నీళ్లు తిరిగితే అవీ ఊగుతాయి. అది పువ్వు కాదు, ప్రాణి అని బాబాయి చెప్పాడు. అయినా నేను పువ్వనే అంటాను.

ఆ పువ్వూ నేనూ ఒకే రైల్లో వచ్చాం.

అది డబ్బాలో. నేను కిటికీ పక్కన. నౌపడ దగ్గర మా ఊళ్లో ఎనిమిదో తరగతితో బడి అయిపోయింది. తన దగ్గర ఉంచుకుని చదివిస్తానని బాబాయి తీసుకొచ్చాడు. టాటానగర్ దాకా డబ్బా నా ఒళ్లోనే ఉంది. ప్రతి స్టేషన్లో మూత తీసి గ్లాసుతో నీళ్లు ఎత్తి పోశాను... గాలి అందాలని.

మా బాబాయి పోలరాజు లోకోషెడ్‌లో ఫిట్టరు. రైలింజన్ల బాయిలర్లు విప్పుతాడు, గీకుతాడు, బిగిస్తాడు. ఈ తొట్టి మాత్రం పిన్ని కోసం కట్టాడు.

పిన్ని దాలమ్మది చేపల రేవు. పెళ్లయి ఈ రైల్వే క్వార్టర్‌కి వచ్చిన కొత్తలో ఒకే ఒక్క మాట అడిగిందట.

"ఈ ఊర్లో నీలు సప్పుడు సెయ్యవేటి?"

అంతే. బాబాయి ఇనప చట్రం వెల్డింగ్ చేయించాడు. సాక్చి బజారు నుంచి గాజు పలకలు తెచ్చాడు. పంపు తెచ్చాడు. గొట్టం పెట్టాడు. నీళ్లు చప్పుడు చేశాయి.

కాని ప్రాణాలు నిలవలేదు. రెండుసార్లు తెచ్చినవి రెండుసార్లూ చచ్చిపోయాయి. ఇది మూడోసారి. ఇదీ పోతే తొట్టి తీసేస్తానన్నాడు బాబాయి. పిన్ని గాజును కొంగుతో తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

మే నెల వచ్చింది. వడగాలి వచ్చింది.

పువ్వు ముడుచుకుంది.

ఒక రోజు. రెండు రోజులు. నాలుగో రోజుకి అది పిడికిలి. గులాబీ రంగు మీద మట్టి రంగు.

బాబాయి డ్యూటీ దిగి, నీలం చొక్కా అయినా విప్పకుండా పంపు విప్పాడు. స్క్రూలు నా అరచేతిలో పెట్టాడు. నేను పట్టుకుని నిలబడ్డాను. పట్టుకోవడం నాకు వచ్చు. మాట్లాడడమే రాదు. ఇక్కడ వీధంతా హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడినా బాబాయి కూతురు పద్మకుమారి హిందీలోనే జవాబిస్తుంది. నన్ను గూంగీ దీదీ అంటుంది. మూగక్క అని.

నా మాటలు డైరీలో తిరుగుతాయి. బయటికి రావు.

పంపు గాలి పీల్చే చోట ఉన్న గుడ్డముక్క బొగ్గుమసితో నల్లబడింది. ఉతికాను. లోపలి రబ్బరు పొర చిరిగింది. సైకిలు ట్యూబు కత్తిరించి కొత్తది వేశాడు బాబాయి. గొట్టం మూతి దగ్గర తెల్లగా, గట్టిగా ఏదో పేరుకుంది. సైకిలు పుల్లతో పొడిచి తీశాడు.

బుడగలు వచ్చాయి. మునుపటికంటే గట్టిగా, గుంపుగా.

పువ్వు తెరుచుకోలేదు.

నీళ్లు పాతబడిపోయాయన్నాడు బాబాయి. రైలు గార్డు గణపతిరావు గారి చేత మా వైపు సముద్రం నుంచి రెండు డబ్బాల నీళ్లు తెప్పించాడు. ఎండకి తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా బాబాయి మొదటినుంచీ పోసేది సముద్రపు నీళ్లే. కుళాయి నీళ్లు చుక్క పడకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. సొంత ఊరి నీళ్లయితేనే బతుకుతుందన్నాడు.

ఎంత మెల్లగా పోసేవాడో... పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు.

డబ్బాలు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, కిటికీ గట్టు మీద ఆ తెల్లటి పెళ్ల కనపడింది. గొట్టం మూతి నుంచి ఊడినది. ఎందుకో నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

తొట్టిలో వేలు ముంచాను. నాలుక మీద పెట్టుకున్నాను.

మా నానమ్మ చిలకమ్మ ఉప్పు మడుల్లో పనిచేసేది. సముద్రపు నీళ్లు మొదటి మడిలోకి వస్తాయి. ఎండ కాస్త తాగుతుంది. రెండో మడిలోకి వదులుతారు. ఎండ ఇంకాస్త తాగుతుంది. నానమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఇది ఎన్నో మడో చెప్పేది. నన్నూ రుచి చూడమనేది. కళ్లు మూసుకుని చెప్పమనేది.

నేను కళ్లు మూసుకున్నాను.

మూడో మడి.

మూడో మడిలో ఏదీ బతకదు. గట్టు దాటి పడిన చిట్టి చేప వెల్లకిలా తేలుతుంది. నేను చూశాను.

డైరీలో రాశాను. మూడో మడి, మూడో మడి, మూడో మడి. పేజీ నిండింది. డైరీ ఎవరికీ వినపడదు.

సాయంత్రం బాబాయి డబ్బా ఎత్తాడు. పిన్ని పక్కన నిలబడింది. నీళ్లు పడబోతుంటే డబ్బా మూతి మీద ఒక చెయ్యి పడింది... నా చెయ్యే.

"ఏటే పైడీ?" అన్నాడు బాబాయి.

గొంతులో ఏదో పేరుకుంది, తెల్లగా, గట్టిగా. ఎవరూ దాన్ని పుల్లతో పొడిచి తియ్యలేరు.

"ఉప్పు పోదు బాబాయ్," అన్నాను. "నీలే పోతాయి."

"అరే, గూంగీ దీదీ బోలీ," అంది పద్మ, మూగక్క మాట్లాడిందని.

బాబాయి నవ్వలేదు. డబ్బా దించాడు. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు మింగలేదు.

"రోజూ బాయిలర్లో ఇదే గీకుతన్నాను," అన్నాడు చివరికి. "నీలు ఆవిరైపోతాయి, పెంకు ఉండిపోతాది. ఇంటికొచ్చి అదే సేత్తన్నాను. ముందు రెండిటినీ నేనే సంపేసినానేటి, దాలీ?"

పిన్ని ఆయన వైపు చూడలేదు.

"ఇప్పుడు ఏడిసి ఏటి సేత్తావు. సెంబు తే."

కుళాయి నీళ్లు కుండలో పట్టి, మందు వాసన పోవాలని రెండు రోజులు నిలవ ఉంచాం. తర్వాత తొట్టిలోంచి ఒక చెంబు తియ్యడం, కుండలోంచి ఒక చెంబు పొయ్యడం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తొందరపడకూడదు. ఆ పని బాబాయి నాకు ఇచ్చాడు. పిన్ని గాజు మీద, నీళ్లు ఉండాల్సిన ఎత్తులో, తన తిలకంతో ఒక గీత గీసింది. ఇకమీద గీత కిందికి తగ్గితే మంచినీళ్లే.

సముద్రపు నీళ్ల డబ్బాలు మంచం కింద ఉన్నాయి. పిన్ని అప్పుడప్పుడు మూత తీస్తుంది. వాసన చూసి పెట్టేస్తుంది.

చెంబుతో పొయ్యడం మొదలుపెట్టి ఇవాళ్టికి ఆరో రోజు.

పిడికిలి పిడికిలిలాగే ఉంది. అంచున ఒక్కచోట... లేత గులాబీ. ఒక వేలి కొన. అది బయటికి వస్తోందో, లోపలికి పోతోందో నాకు తెలియడం లేదు.

తిలకం గీత దాకా నీళ్లు పోశాను.

పిన్ని గాజుకు చెవి ఆనించి కూర్చుంది. జరిగి, నాకూ చోటిచ్చింది.

ఒక బుడగ. కాసిని నీళ్లను భుజాన ఎత్తుకుని...

దాని వెనకే ఇంకో బుడగ.