మన లెక్కలో పడని చావు

"గడియారం తీసేస్తే టైమెలా తెలుస్తుందిరా?" అత్తగారిది అరగంటగా అదే మాట.

"చేతికి వాచీ ఉందిగా అమ్మా! గుమ్మంలోకి రాగానే షీల్డు కనబడాలి," అన్నాడు కొడుకు, సుత్తితో స్టూలెక్కి. ఆసుపత్రి ఆ ఇంటివాళ్లదే, అందులో సర్జను అతనే. 'ప్రమాద చికిత్సలో అతి తక్కువ మరణాలు' అని ఆసుపత్రికొచ్చిన ఆ షీల్డు మీద బంగారు రంగు అక్షరాలు.

"టీవీ పైన పెట్టండర్రా, నేను పొద్దస్తమానం చూసుకుంటా," అన్నారు మామగారు సోఫాలోంచి.

కోడలు అప్పుడే వచ్చింది. ఆ ఆసుపత్రిలో ప్రమాదాల కేసులు మొదట చూసే డాక్టరు ఆమే. తిన్నగా పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కుంది. ఆసుపత్రిలో కడుక్కునే వచ్చింది. అయినా సబ్బు వదల్లేదు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి ఒక పెయింటరును తెచ్చారు. మూడో అంతస్తు నుంచి పడ్డాడు. తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి, పొట్టలో రక్తం కారుతోంది. దెబ్బ దెబ్బకీ తీవ్రతను బట్టి అంకె వేసి కలిపి చూసింది. దేనికదే అయితే తట్టుకునే దెబ్బలే, మూడూ కలిసి ప్రాణం మీదికి తెచ్చాయి. వెంటనే పొట్ట తెరిస్తే సగం ఆశ. కదిపితే అదీ లేదు.

ఎవరిని ముందు కాపాడాలో తెలుసుకోవడానికి ఆ లెక్క నేర్చుకుంది. ఇక్కడ దానితో ఎవరిని ముందు బయటికి నెట్టాలో తేలుస్తున్నారు.

"సగం ఆశంటే సగం చావేగా! పెద్దాసుపత్రికి రాసెయ్," అన్నాడు భర్త, మంచం దగ్గరికైనా రాకుండా. ఆమె రాసింది, సంతకం పెట్టింది, ఎప్పటిలాగే.

"ఇప్పుడే ఆశ ఉందన్నారు కదా డాక్టరమ్మా, మళ్లీ ఎక్కడికి పంపుతున్నారు?" అంది పెయింటరు భార్య, అంబులెన్సు తలుపు పట్టుకుని.

కుళాయి కట్టేసి, కోడలు చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"ఆ పెయింటరు ఏమయ్యాడమ్మా?" మామగారు మిఠాయి డబ్బా ముందుకు తోశారు.

"దార్లో పోయాడు మామయ్యా."

"హమ్మయ్య, మన గేటు దాటాకే కదా!" అని వేళ్లు నాక్కున్నారు.

ఆమె డబ్బా వెనక్కి తోసింది.

"పాపం," అంది అత్తగారు. వెంటనే, "నువ్వే చెప్పమ్మా, గడియారం తియ్యాలా వద్దా?"

భర్త మేకు గోడకి ఆనించి ఆమె వైపు చూశాడు.

"ఉండనివ్వండి అత్తయ్యా," అందామె నెమ్మదిగా. "రేపట్నుంచి మన ఆసుపత్రిలో వైద్యం చెయ్యగలిగినవాళ్లని బయటికి పంపే కాగితం మీద నేను సంతకం పెట్టను. మీ అబ్బాయి ఆపరేషన్ చెయ్యనంటే, ఆ మాట ఆయనే వెళ్లి రోగి ఇంటివాళ్లతో చెప్పుకోవాలి. పోయేవాళ్లు పోతే, మన లెక్కలోనే పోతారు."