చూసినవాళ్ళ పేర్లు

రైలు తిరువాలంగాడు దాటేసరికి మునిలక్ష్మి చెయ్యి మళ్ళీ సంచిలోకి పోయింది. అన్నం డబ్బా, నీళ్ళ సీసా, కత్తెర, దారాలు దువ్వే చిన్న దువ్వెన. వేళ్ళు అన్నిటినీ తడిమి ఖాళీగా బయటికి వచ్చాయి. ఫోను అందులో లేదని ఆమెకు తెలుసు. మొన్న తిరుత్తణి స్టేషన్లో ఎక్కేవాళ్ళ తోపులాటలో చేతిలోంచి జారి రాతి మీద పడింది. తెర నల్లబడిపోయింది. బాగుచేసే కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెర మద్రాసు నుంచి రావాలక్కా అన్నాడు. తెలిసినా చెయ్యి మాట వినడం లేదు.

ఆ వేళకు ఆడవాళ్ళ పెట్టెలో ఎవరి తలా ఎత్తి ఉండదు. కాలేజీ పిల్లలు, ఆసుపత్రి ఆయాలు, మల్లెమొగ్గల గంప ఒళ్ళో పెట్టుకున్న ముసలామె, అందరూ అరచేతుల్లోకి వంగి ఉంటారు. మొన్నటిదాకా తనూ అంతే. ఇప్పుడు చేసేదేమీ లేక కిటికీలోంచి చూస్తోంది. నిరుడు నారు పోసిన మడుల్లో ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతి ఉన్నాయి. ఎప్పుడు పాతారో తను గమనించనేలేదు. అయినా ఆమె మనసు ఈ పొలాల మీద లేదు. అన్న ఉండే వెంగల్లో ఉంది. అన్న ఇవాళ ఫోనులో ఏం బొమ్మ పెట్టి ఉంటాడో.

మునిలక్ష్మికి యాభై దాటింది. పొట్టి మనిషి, సన్నటి ఎముక. తల బిగించి దువ్వి ముడి వేస్తుంది. కుడిచేతి చూపుడువేలి మీద, పట్టుదారం రోజూ ఒకేచోట ఒరుసుకుని ఒరుసుకుని ఒక గాడి పడింది. గోరింటాకు పెట్టినా ఆ గాడిలో పండదు. భర్త పోయాక తిరువళ్ళూరు బజారులో ఒక చీరల అంగడిలో చేరింది. చీర కొంగులకు కుచ్చులు కట్టడం ఆమె పని. రైలు తిరుత్తణి వదిలేటప్పుడు గుడి ఉన్న కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటుంది. అది కావాలి, ఇది కావాలి అని అడగడం ఎప్పుడో మానేసింది. ఉన్నదానికి దణ్ణం, అంతే.

ఉన్నవాటిలో ఈ మధ్య బాగా పెద్దది అన్న స్టేటస్.

అన్న పేరు వేలాయుధం. వెంగల్లో వరి పండిస్తాడు. తన కొడుకు గుహన్‌కు చెల్లెలి కూతురు మధుమితను చేసుకోవాలని ఆయన పిల్లలు పుట్టిన నాటినుంచీ అనుకున్నాడు. మధుమిత తనతో నర్సింగు చదివిన అబ్బాయిని చేసుకుంటానంది. మునిలక్ష్మి కూతురివైపే నిలబడింది. ఆ వార్త తెలిసిన రోజు అన్న తిరుత్తణి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. చెంబుతో ఇచ్చిన నీళ్ళు తాగలేదు. "ఇంక నాకు చెల్లెలు లేదు" అని, చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ పెళ్ళికి రాలేదు. తరువాత ఆమె భర్త పోయినప్పుడు వచ్చి, అందరితో కలిసి నిలబడి, ఆమెతో మాట్లాడకుండా వెళ్ళాడు.

ఏళ్ళు గడిచాయి. ఆవడిలో కాపురం పెట్టిన మధుమిత ఒకసారి వచ్చినప్పుడు తల్లికి కొత్త ఫోను కొనిపెట్టి, పాత ఫోనులోని నెంబర్లన్నీ అందులోకి మార్చి, వాట్సాప్ పెట్టింది. మర్నాడు పొద్దున దాంట్లో ఒక బొమ్మ కనిపించింది. మంచు పట్టిన వరిమడి, గట్టు మీద ఒక కొంగ. కింద అన్న పేరు.

"అమ్మా, మామ స్టేటస్ నీకు కనిపిస్తా ఉందంటే మామ ఫోన్లో నీ నెంబరు ఉన్నట్టే. తీసేసింటే రాదు" అంది మధుమిత.

మునిలక్ష్మి ఆ మాట కూతురితో ఇంకోసారి చెప్పించుకుంది.

అప్పటినుంచీ అది నడుస్తోంది. పొద్దున ఆయన ఒక బొమ్మ పెడతాడు. మోటారు గొట్టం లోంచి పడే నీళ్ళు, ఈనిన బర్రె, వాన మబ్బు. రాతలు ఉండవు. ఆమె చూస్తుంది. మధ్యాహ్నం ఆమె తను కట్టిన కుచ్చు ఫోటో పెడుతుంది. చూసినవాళ్ళ పేర్లలో సాయంత్రానికల్లా అన్న పేరు ఉంటుంది. గుహన్ పెళ్ళి ఆమె అక్కడే చూసింది. వాడికి పాప పుట్టిందని అక్కడే తెలుసుకుంది. పిలవలేదే అని ఏడ్చింది. చూపించినాడు కదా అని కళ్ళు తుడుచుకుంది. ఒక్కసారైనా ఫోను చెయ్యాలని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదని కాదు. చేస్తే ఏం మాట్లాడాలి? మాట జారి ఈ కాస్త కూడా పోతే? అందుకని ఆమె చూడడంతోనే తృప్తిపడింది. ఊరికే తృప్తి కాదు. ఆ పేరు కనిపించిన ప్రతి సాయంత్రం, తిరుగు రైల్లో, ఆమెకు కడుపునిండా తిన్నట్టు ఉండేది.

అంగడి చేరేసరికి శ్రీవాసవి షట్టరు తీయించి, అగరొత్తులు వెలిగించి ఉంది. తండ్రి తరువాత అంగడి ఆ అమ్మాయే చూసుకుంటోంది. కొత్త చీర వచ్చిందంటే ముందు ఫోను ముందర విప్పుతుంది, ఆ తరువాతే బీరువాలో పెడుతుంది. మునిలక్ష్మి కుచ్చు కడుతుంటే చేతుల్ని మాత్రం వీడియో తీసి ఇన్‌స్టాగ్రాంలో పెడుతుంది. ఆ చేతుల్ని ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారట. కోయంబత్తూరు నుంచి ఒకామె ఆ చేతులతోనే కట్టించాలని పట్టుబట్టి చీర పంపింది.

"లక్ష్మక్కా, ఫోను వచ్చిందా?"

"యాడ పాపా. ఎల్లుండి అంటా ఉండాడు."

"కావాలంటే నా దాంట్లో మాట్లాడుకో."

"మాట్లాడేదానికి కాదులే" అని ఆమె గుమ్మం పక్కన, వెలుతురు బాగా పడేచోట పీట వేసుకుంది. కోయంబత్తూరు చీర నెమలిపింఛం రంగు. కొంగు అంచును పలక మీద పరిచి, పైన ఇటుక పెట్టి, దారపు పోగుల్ని లెక్కగా విడదీసింది. పోగు మడిచి, ఉచ్చు వేసి, లాగి ముడి బిగిస్తే చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వస్తేనే ముడి నిలుస్తుంది. ముడి కింద దువ్వెనతో దువ్వి, కత్తెరతో సమంగా కత్తిరించాలి. పొద్దెక్కేకొద్దీ కొంగు పొడుగునా కుచ్చులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి వేలాడాయి. బాగా కుదిరింది. ఫోటో తీయాల్సిన కుచ్చు. తీసేందుకు లేదు.

భోజనాల వేళకు కొంచెం ముందు వీధిలో ఎవరో ఎవరినో అడుగుతున్న గొంతు వినిపించింది. తమిళంలో అడుగుతున్నాడు, ఈ గుమ్మం ఏ అంగడిదయ్యా అని. ఎదురుగా బొరుగులు అమ్మే మనిషి, అదిగో అని చెయ్యి చూపించాడు. మునిలక్ష్మి తల ఎత్తింది.

తెల్లటి పంచె, మడత నలిగిన చొక్కా, భుజాన తువ్వాలు. ఒక చేతిలో వైరు బుట్ట, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో ఆమె ఎప్పుడో పెడితే ఆయన దాచుకున్న ఫోటో ఉంది. ఎర్రచీర కుచ్చు, దాని వెనక ఈ గుమ్మానికి వేసిన పచ్చరంగు, పైన అంగడి పేరులో సగం, దాని కింద ఊరి పేరు. ఆ సగం పేరునే పట్టుకుని ఆయన బస్టాండు నుంచి వీధి వీధీ అడుగుతూ వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. స్టేటస్‌లో వరిమడులే కానీ తన మొహం ఎప్పుడూ పెట్టలేదు. అందుకని ఆమె ఆ నెరిసిన తలను ఇప్పుడే చూస్తోంది.

ఒళ్ళో చీర ఉంది. లేస్తే పోగులు చెదిరిపోతాయి. లేవలేక, కూర్చోలేక "అన్నా" అంది.

వేలాయుధం ఆమెను పై నుంచి కింది దాకా చూశాడు. చేతులు, కాళ్ళు, మొహం. అన్నీ ఉన్నాయని తేల్చుకున్నాక గుమ్మం పక్కనున్న బల్ల మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"రెండు దినాలుగా నువ్వు చూడలే" అన్నాడు. "నిన్న చూడలే. ఇయ్యాల పొద్దున కూడా చూడలే. గుహన్ పేరుంది, వాళ్ళ మామ పేరుంది, నీ పేరు లేదు. నువ్వు కూడా ఏమీ పెట్టలే. ఏమైపోయిందో అని వచ్చినా."

"ఫోను పగిలిపోయిందన్నా."

"ఫోనే కదా" అన్నాడు. కాసేపు వీధివైపు చూసి, "సరి. ఫోనే కదా" అని మళ్ళీ అన్నాడు.

శ్రీవాసవి లోపలి నుంచి నీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని గటగటా తాగాడు. మునిలక్ష్మి ఆ నీళ్ళు తాగడాన్నే చూస్తూ కూర్చుంది. తరువాత పోగుల మీద ఇటుక జరిపి, జాగ్రత్తగా లేచి, అన్నం డబ్బా తెచ్చింది. అంగడి వెనక గదిలో, చీరల పెట్టెల మధ్య, ఇద్దరూ ఒకే డబ్బాలోది తిన్నారు. చింతపండు పులుసన్నం, వేయించిన అప్పడం ముక్కలు. ఆయన ఎక్కువ తినలేదు. రెండు ముద్దలకే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒళ్ళు బాగలేదా అన్నా?"

"గుండెకాయ కొంచెం సోమరైంది అంటా ఉండారు. మందులు ఇచ్చినారు. మింగతా ఉండాను." అప్పడం ముక్క తీసుకుని దాన్నే చూస్తూ అడిగాడు. "మధు ఎట్లుంది?"

"బాగుంది. ఆవడిలోనే ఉండారు. ఆ పిల్లోడు బాగా చూసుకుంటాడు."

"సరి." కాసేపటికి, "ఒక సంగతి చెప్పల్ల నీకు. అప్పుడు నీ నెంబరు తీసెయ్‌రా అని గుహన్‌కు ఫోను ఇచ్చినా. నాకు అదంతా చేత కాదు కదా. తీసేసినా నాయనా అన్నాడు. నేను నమ్మినా. చాలా కాలం పోయినాక ఒక దినం నా ఫోన్లో చీర కుచ్చు కనిపించింది. ఎవరిదిరా ఇది అంటే వాడు మాట్లాడకుండా బండెక్కి పోయినాడు."

మునిలక్ష్మి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కూతురు కాదన్న పిల్లవాడు. ఎవరికన్నా కోపం ఉండాలంటే వాడికి ఉండాలి. వాడు నెంబరు ఉంచాడు. ఇన్నాళ్ళూ తను అన్న మనసుకు దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. ఆ దణ్ణంలో సగం వాడిది.

"అప్పుడైనా తీసెయ్యమని చెప్పలేదా అన్నా?"

"చెప్పలే" అన్నాడు వేలాయుధం. అప్పడం నోట్లో వేసుకున్నాడు.

వెళ్ళేముందు శ్రీవాసవి ఇద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి ఆయన ఫోనుతోనే ఫోటో తీసింది. నవ్వండయ్యా అంటే ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. ఫోటో చూసుకుని, లావుపాటి బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి, అక్కడ నిలబడే స్టేటస్‌లో పెట్టాడు.

"నేను చూసేదానికి లేదే" అంది మునిలక్ష్మి. "నా ఫోను వచ్చేసరికి పోతుంది. ఒక దినమే కదా అది ఉండేది."

"మళ్ళీ పెడతా. నువ్వు చూసేదాకా దినామూ పెడతా."

బుట్టలోంచి వంకాయలు తీసి ఆమె ఒడిలో పోశాడు. ఖాళీ బుట్టలో ఏమైనా పెట్టి ఇద్దామని ఆమె లోపలికి తిరిగేలోపు, "బుట్ట ఈడనే ఉండనీలే. మళ్ళీ వస్తా కదా, అప్పుడిద్దువు" అన్నాడు. బస్టాండు దాకా వస్తానంటే వద్దన్నాడు. ఎండలో వీధి అంచు పట్టుకుని, నీడ ఉన్నచోట ఆగి, లేనిచోట నడిచి, మలుపు తిరిగాడు. మునిలక్ష్మి పీట మీద కూర్చుని మిగిలిన కుచ్చులు కట్టింది. ఆ సాయంత్రం రైల్లో అందరి తలలూ వంగి ఉన్నాయి. ఆమె ఒక్కతే తల ఎత్తుకుని కూర్చుంది. తనలో తను నవ్వుకుంటోందని పక్కనున్న మల్లెల ముసలామె చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

ఫోను వచ్చిన రోజు ఫోటో ఉంది. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆమె చూసింది. మర్నాడు మళ్ళీ వరిమడి వచ్చింది. ఆ తరువాత వాళ్ళు రోజు విడిచి రోజు మాట్లాడుకున్నారు కూడా. పెద్ద మాటలేమీ కాదు. తిన్నావా, వాన పడిందా, మందు మింగినావా.

ఆ నెల దాటలేదు. ఒక ఉదయం గుహన్ దగ్గరనుంచి ఫోను వచ్చింది. మోటారు వేయడానికి వెళ్ళిన మనిషి గట్టు మీద కూర్చున్నాడు, లేవలేదు. బాధ పడినట్టు కూడా లేదు అన్నాడు.

"అత్తా, స్టేటస్‌లో ఇంకా పెట్టలే. నువ్వు దాంట్లో చూడకూడదని, ముందు నీకు చెప్పినా."

"వస్తా ఉండాను నాయనా" అంది మునిలక్ష్మి. "నువ్వు బాగుండల్లరా. నువ్వు చేసింది నాకు తెలుసు."

వెంగల్లో ఆమెకోసం గుమ్మంలోనే ఎదురుచూశారు. అన్నను చూసుకుంది. పాదాలకు అంటిన మడిమన్ను ఎవరూ కడగలేదు, ఆమే కడిగింది. గుహన్ కూతురు ఆమె ఒళ్ళో నిద్రపోయింది.

తిరుత్తణిలో ఆమె ఇంట్లో, వంటగది మేకుకు ఆ వైరు బుట్ట వేలాడుతోంది. ఆకుపచ్చా తెలుపూ అల్లిక, ఒకవైపు పిడి తెగితే పంచెపీలికతో కట్టిన ముడి. అడుగున అల్లిక సందులో ఎండిపోయిన వంకాయ తొడిమ ఒకటి, ముల్లుతో సహా, ఇంకా పట్టుకుని ఉంది.