నెలనెలా మన్నింపు

పత్తికొండ దగ్గరి ఆ పల్లెలో, క్రైస్తవుల గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నెలకొకసారి, మొదటి ఆదివారం. ఎవరిమీదైనా కచ్చ పెట్టుకుని రొట్టె ముట్టకూడదని అక్కడి కట్టుబాటు. అందుకని ముందురోజు సాయంత్రం, పోట్లాడుకున్నవాళ్లు ఒకరి గడపకు ఒకరు వెళ్లి సమాధానపడేవాళ్లు. లేవికి ఈ కట్టుబాటంటే మహా ఇష్టం.

లేవికీ తమ్ముడు ఏసేపుకీ కలిపి ఒకటే కపిల బావి. ఎద్దుల్ని కట్టి తోలుబానతో నీళ్లు తోడుకోవాలి. ఒకరోజు అన్న వంతు, మరుసటి రోజు తమ్ముడి వంతు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావిలో ఊట సన్నగిల్లింది. తమ్ముడి వంతు రోజున కూడా లేవి తెల్లారేసరికే కపిల కట్టేవాడు. ఏసేపు ఎద్దుల్ని తోలుకొచ్చేసరికి అడుగున బురద మిగిలేది.

లేవి మరీ దుర్మార్గుడేం కాదు. తప్పని తెలియనివాడు అసలే కాదు. నెల పొడుగునా తోడుకుని, బల్లకు ముందు శనివారం సాయంత్రం తలపాగా చేత పట్టుకుని తమ్ముడి గుమ్మంలో నిలబడేవాడు.

“తప్పయిపాయె తమ్ముడా. మనసులో పెట్టుకోవాకు.”

“సరేలేన్నా” అనేవాడు ఏసేపు. నిజంగానే మన్నించేవాడు, అదే వచ్చిన చిక్కు. లేవి తేలికపడి ఇంటికొచ్చి కడుపునిండా సంగటి తినేవాడు. తమ్ముడే కాదననప్పుడు దేవుడు కాదంటాడా అని ధీమా. ఆ ధీమాతోనే మళ్లీ కపిల కట్టేవాడు.

ఎండలు ముదిరాక ఒక శనివారం అలాగే వెళ్లాడు. వాకిట్లో ఎవరిదో బండి. అందులో చాపలు, వంట సామాన్లు. కొట్టంలో ఎద్దులు లేవు.

“యాడికి పోతాండావు?”

“డోన్‌కన్నా. రైలు పట్టాల కాడ కూలిపని ఉండాదంట. మిరపచేను ఎండిపాయె. ఎద్దుల్ని అమ్మేసినా.”

లేవి నోటికి అలవాటైన మాటే వచ్చింది. “తప్పయిపాయె తమ్ముడా. మనసులో...”

“నా మనసులో ఏమీ లేదన్నా. మన్నించినా.”

ఏసేపు భార్య వరమ్మ సామానుకు తాడు బిగిస్తూ, తలెత్తకుండానే అంది. “ఈయన మన్నిస్తానే ఉండాడు బావా. నువ్వే ఒక్కసారి గూడా అడగలేదు.”

బండి వెళ్లిపోయింది. లేవికి ఆమె మాట అర్థం కాలేదు. నెలనెలా వచ్చి అడగలేదా తాను?

మర్నాడు గుడిలో మోకాళ్లూని కళ్లు మూసుకున్నాడు. ‘తప్పయిపాయె తండ్రీ, మనసులో పెట్టుకోవాకు’ అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో. ఆ సులువుకే ఒళ్లు జలదరించింది. ఇంకోరకంగా వేడుకోవాలని చూశాడు. తమ్ముడి ఖాళీ కొట్టాన్ని తలుచుకుని ఏడవాలని చూశాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. దేవుడు మన్నించడేమోనన్న భయం అతనికి ఎన్నడూ లేదు, ఇప్పుడూ లేదు. భయమంతా తనను చూసే వేసింది.

అయ్యగారు రొట్టె పళ్లెం తెచ్చి ముందు నిలబడ్డారు. లేవి చేయి చాచలేదు.

“నాకు అడిగేదే రాదయ్యా” అన్నాడు.