ప్రతి గురువారం ఒక కొత్త పబ్బు

"రాసుకో నోరీన్. కొత్త పబ్బు," అన్నాడు డెస్, గ్లాసు కింద పెట్టకుండానే.

పోయిన గురువారం కూడా మేం ఇదే పబ్బులో, ఇదే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. అప్పుడూ ఆయన తలెత్తి దూలాల వంక చూసి, చెక్క పాతదే, మంచి పనితనం, అని మెచ్చుకున్నాడు. "మొన్ననే వచ్చాం కదా డెస్ ఇక్కడికి," అన్నాను మెల్లగా. ఆయన మొహం జేవురించింది. "నలభై ఏళ్ళుగా రాస్తున్నా. నా పుస్తకంలో ఒక్క పబ్బు రెండోసారి పడిందా? మూల కూర్చుని నారింజ రసం చప్పరించేదానివి, నువ్వా నాకు చెప్పేది?" పక్క బల్ల దగ్గర పేకాడుతున్నవాళ్ళు తిరిగి చూశారు. నేను కలం తీసి తారీఖు వేశాను. ప్యాక్‌హార్స్ అని పేరు రాసి, పక్కన, కొత్తది, అని రాశాను. అది మార్చి నెల. ఆ తర్వాత ఏడాది పొడవునా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మా ఆయనకి పబ్బుల పిచ్చి అంటే తాగుబోతు అనుకునేరు, కాదు. ఆయన జన్మలో తూలి పడింది లేదు. చూడని పబ్బు ఎక్కడుందో కనుక్కుని వెళ్ళడం, సగం గ్లాసు బీరు తాగడం, పుస్తకంలో రాసుకోవడం, అంతే ఆయన సరదా. ఒకసారి రాసిన పబ్బు మళ్ళీ లెక్కలోకి రాదు. ఏడాదికో పుస్తకం. మా ఊళ్ళో ఇలాంటి మగవాళ్ళంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. జనవరిలో ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చి ఇస్తే, సెక్రటరీ క్లైవ్ పైకి చదువుతాడు. ఎక్కువ కొత్త పబ్బులు చూసినవాడికి తగరపు చెంబులాంటి ఒక గ్లాసు ఇస్తారు, దాన్ని ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకోవచ్చు. అది చాలాసార్లు మా ఇంట్లోనే ఉంది. గెలిచింది ఆయన, తోమింది నేను.

తాగినవాడు కారు నడపకూడదు కాబట్టి నడిపింది కూడా నేనే. వారంలో ఐదు రోజులు బడి వంటింట్లో గరిటె తిప్పి, శనివారం స్టీరింగు తిప్పేదాన్ని. ఆయనకి చొక్కా ఇస్త్రీ, దారిలోకి జున్ను పెట్టిన బన్ను, వాన కోటు, మోకాలి నొప్పి మాత్రలు అన్నీ సర్దాలి. పబ్బులోకి వెళ్ళాక ఆయన బారు దగ్గర నిలబడి యజమానితో పీపాల సంగతులు మాట్లాడుతుంటే నేను మూల బల్ల దగ్గర కూర్చుని గోడ మీద పటాలు చూస్తూ ఉండేదాన్ని. మా అత్తగారితో ఒకసారి మొర పెట్టుకుంటే, "మావాడు లెక్కపెడుతున్నది పబ్బుల్ని, ఆడవాళ్ళని కాదు. సంతోషించు," అంది. సంతోషించాను, ఏం చేస్తాను? ఓ పెళ్ళిరోజున మాత్రం ఉండబట్టలేక అడిగాను, "నువ్వు వెళ్ళిన ప్రతి పబ్బుకీ నేనూ వచ్చానుగా, నాకూ ఓ పుస్తకం ఉండాలేమో," అని. బీరు తాగనివాళ్ళు వెళ్ళినట్టు లెక్క కాదు, అది వాళ్ళ క్లబ్బు రూలు. డెస్ ఆ రూలు చెప్పి ఊరుకున్నా బాగుండేది. "నువ్వు వెళ్ళింది పబ్బుకి కాదే, పబ్బులో బాత్రూముకి," అన్నాడు. క్లైవ్ పక్కనే ఉన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు, నేను కూడా నవ్వాను. నవ్వకపోతే, నీకు హాస్యం తెలీదు, అంటారు.

కిందటి శీతాకాలంలో డాక్టరమ్మ ఆయన మెదడు ఫొటో చూపించి మతిమరుపు జబ్బు అని చెప్పింది. తగ్గేది కాదనీ, పెరగడమే తప్ప దారి లేదనీ చెప్పి, నావైపు తిరిగి, "మీ ఒక్కరి వల్లా కాదమ్మా. ఆయన స్నేహితులకి చెప్పండి. వారానికొకరు వచ్చి కాసేపు తీసుకెళ్ళినా మీకు ఊపిరి ఆడుతుంది," అంది. బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాం. నేను తాళాలు వెతుక్కుంటుంటే డెస్ నా చెయ్యి పట్టుకున్నాడు. అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. "క్లబ్బులో తెలియకూడదు నోరీన్. క్లైవ్‌కి అసలే తెలియకూడదు. నాకు మాటివ్వు," అన్నాడు. ఆయన భయం నాకు తెలుసు. క్లబ్బులో వాల్టర్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. మతి చెదిరాక ఆయన వేసుకొచ్చే చెప్పుల మీదా, అడిగిందే అడగడం మీదా క్లబ్బంతా జోకులు వేసుకుంది, ఓ ఏడాదికి పేరు కొట్టేసింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు డెస్సే. ఆ చలిలో నా చెయ్యి వదలకుండా నిలబడ్డ మనిషికి నేను మాటిచ్చాను. ఇచ్చినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మొదట్లో కొన్ని వారాలు ఎప్పటిలాగే దూరపు ఊళ్ళకి తిప్పాను. ఆయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి ఆయన చెబుతుంటే పుస్తకం నేను రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు మాట్‌లాక్ అవతల ఏదో పల్లె పబ్బులో బాత్రూముకని వెళ్ళి, వెనక తలుపులోంచి బయటికి నడిచాడు. వానలో లారీలు తిరిగే రోడ్డు మధ్యన దొరికాడు. నన్ను చూసి, "ఎక్కడికి పోయావే, నీకోసం వెతుకుతున్నా," అని తిరిగి నామీదే విరుచుకుపడ్డాడు. ఆ తర్వాత నాకు దూరం వెళ్ళే ధైర్యం చాలలేదు. ప్యాక్‌హార్స్ మా ఇంటికి దగ్గర, శనివారాల్లా కాకుండా గురువారాలు జనం తక్కువ. వెనక తలుపు లేదు. దాన్ని నడిపే ఆవిడ, ఇవాన్, మొదటి రెండు వారాల్లోనే సంగతి కనిపెట్టేసింది. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ప్రతి గురువారం డెస్ లోపలికి రాగానే, "మా పబ్బుకి ఇదే మొదటిసారా సార్ రావడం?" అని అడిగేది. ఆయన ఛాతీ పొంగించి, "ఇదే మొదటిసారమ్మా. మీ దూలాలు చూస్తున్నా, ఎంత బాగున్నాయో," అనేవాడు. ఆమె నా ముందు నారింజ రసం పెట్టి, అడక్కుండానే వేడి సూపు కూడా పెట్టి వెళ్ళేది.

ఆయన సంతోషం చూడలేక గిన్నెలోకి తల వంచుకునేదాన్ని. కొత్త చోటుకి వచ్చానన్న ఆ మెరుపు ఆయన కళ్ళల్లో ప్రతివారం నిజంగానే ఉండేది. ప్రతివారం అవే మాటలు చెప్పేవాడు: బీరు బాగుంది, నిప్పు మండుతోంది, యజమానురాలు నవ్వుమొహం మనిషి. అవే రాసేదాన్ని. ఏవో వేరే పేర్లు కల్పించి రాయొచ్చుగా అని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ ఆ మనిషి జీవితంలో అబద్ధం ఆడని చోటు ఆ పుస్తకం ఒక్కటే. వెళ్ళని పబ్బు వెళ్ళానని ఏనాడూ రాయలేదు. దాంట్లో అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. వెళ్ళింది ప్యాక్‌హార్స్‌కే, అదే రాశాను. ఆయనకి అది కొత్తదే, అదీ రాశాను. జనవరి వచ్చేసరికి ఏదో ఒక వంక చెప్పి పుస్తకం ఇవ్వకుండా తప్పించవచ్చులే అనుకున్నాను.

జనవరిలో ఓ రోజు నేను మందుల షాపుకి వెళ్ళిన పావుగంటలో క్లైవ్ పుస్తకం కోసం ఇంటికొచ్చాడట. డెస్ అల్మరాలోంచి తీసి చేతికిచ్చాడు. నేను వచ్చేసరికి, "క్లైవ్‌కి టీ ఇద్దామంటే ఇంట్లో లేవు," అని నన్నే తప్పుపట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు పెట్టుకునే మేడమీద గదికి గుడ్డు సాండ్‌విచ్‌లు చేసి పట్టుకెళ్ళాను. ఏటా అందరికీ చేసేది నేనే. క్లైవ్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కరి పుస్తకం చదివాడు. డెస్ వంతు వచ్చింది. మొదటి పేజీల్లోని దూరపు పబ్బులు చదివాక, "ప్యాక్‌హార్స్, కొత్తది," అన్నాడు. పేజీ తిప్పి, "ప్యాక్‌హార్స్, కొత్తది," అన్నాడు. మళ్ళీ తిప్పేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో నాలుగు పేజీలు తిప్పేసరికి గదంతా నవ్వులు. "ఏంటమ్మా నోరీన్ ఇది, నీ చేతిరాతేగా? పుస్తకం రాయమంటే, ఇస్త్రీ బట్టలు సర్దినట్టు మడత మీద మడత పెట్టావ్? వేరే పబ్బుల పేర్లు నోరు తిరగలేదా?" అన్నాడు క్లైవ్.

నేను డెస్ వైపు చూశాను. ఆయన నావైపే చూస్తున్నాడు. ఆ ఒక్క క్షణం ఆయనకి అంతా అర్థమైందని ఒట్టేసి చెప్పగలను. పసివాడిలా భయపడిపోయి ఉన్నాడు. అంతలోనే ఆ చూపు పోయింది. గ్లాసు పైకెత్తి, "ఆడదాని చేతికి పుస్తకం ఇస్తే ఇంతేనర్రా," అన్నాడు. మళ్ళీ నవ్వులు. తెలిసే అన్నాడా, తెలియక అన్నాడా? తెలిసి అంటే నన్ను అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాడు. తెలియక అంటే, అన్నీ పోయినా నన్ను చులకన చేయడం మాత్రం ఇంకా గుర్తుంది. రెండిట్లో ఏది నిజమైతే తక్కువ ఏడవాలో నాకు తేలలేదు.

"నాదే పొరపాటు. ఆయన చెప్పింది ఒకటి, నేను రాసింది ఒకటి," అన్నాను.

"పోనీలే, సాండ్‌విచ్‌లు మాత్రం బాగా కుదిరాయి," అన్నాడు క్లైవ్. తగరపు గ్లాసు వేరేవాళ్ళకి వెళ్ళింది. తల కొట్టేసినట్టయి, పళ్ళేలు కడిగే వంకతో పక్కనున్న చిన్న వంటగదిలోకి వెళ్ళాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన పరువు కాపాడటానికి నా పరువు తీసి బల్ల మీద పెట్టాను, తిన్నారు, మూతులు తుడుచుకున్నారు. ఇక చాలు అనిపించింది. రేపు పొద్దున క్లైవ్‌కి ఫోను చేసి జబ్బు సంగతి చెప్పేస్తాను. నవ్వుకుంటే నవ్వుకోనీ. వచ్చే గురువారం నుంచి వాళ్ళే వంతులు వేసుకుని తీసుకెళ్ళనీ. ఇచ్చిన మాట తప్పుతున్నానని బాధ ఉంది, కానీ నాకు ఒంట్లో ఓపిక అయిపోయింది.

చేతులు తుడుచుకుని ఆయన్ని కిందికి తీసుకొచ్చాను. వాన పడుతోంది. నేను కారు ముందు తలుపు తీసి పట్టుకుంటే, ఆయన దాన్ని దాటుకుని వెళ్ళి, వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎంత పిలిచినా ముందుకి రాలేదు. సరేనని బండి తీశాను.

కొంతదూరం పోయాక, "చలి బాగా ఉందండీ ఇవాళ," అన్నాడు. అద్దంలో చూశాను. టాక్సీ నడిపే మనిషిని చూసినట్టు మర్యాదగా నవ్వుతున్నాడు. "పొద్దుట్నించీ బండి మీదే ఉన్నట్టున్నారు. ఏమన్నా తిన్నారా?"

తినలేదు. సాండ్‌విచ్‌లు ఒక్కటి కూడా మిగల్లేదు. "లేదండీ," అన్నాను. ఆ అండీ నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అయ్యో. నావల్ల ఆలస్యమైపోయింది. ఇంట్లో మీ ఆయన ఎదురుచూస్తుంటారు."

వాన తుడిచే పుల్లలు అటూ ఇటూ ఆడుతున్నాయి. ముందు బండి ఎర్ర లైట్లు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. "ఆయన లేరండీ, పోయారు," అన్నాను.

"క్షమించండమ్మా, తెలియక అడిగాను." ముందుకి వంగి, నా సీటు మీద చెయ్యి వేసి అడిగాడు. "ఎలాంటి మనిషండీ?"

మంచి మనిషి అనేస్తే అయిపోయేది. మొగుడు పోయిన ఆడవాళ్ళందరూ అదే అంటారు. కానీ ఆ మాట ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు, మా ఆయన ఎలాంటి మనిషి అని.

"పబ్బులంటే ప్రాణం ఆయనకి," అన్నాను. "ఎంత దూరమంటే అంత దూరం నేనే తీసుకెళ్ళేదాన్ని. తిన్నావా అని ఒక్కనాడు అడగలేదండీ. నలుగురిలో నన్ను చూసి నవ్వేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. చివర్లో ఒక మాట తీసుకున్నాడు నా దగ్గర. నన్ను అడ్డం పెట్టుకుని బతికాడు."

వెనక సీట్లో ఆయన నా భుజం దగ్గరున్న ఆ చెయ్యి తీయలేదు. తర్వాత, ఇన్నేళ్ళ కాపురంలో నేనెన్నడూ వినని మెత్తని గొంతుతో,

"అలాంటివాడితో అన్నేళ్ళు ఎందుకున్నారమ్మా?" అన్నాడు నా మొగుడు.