విశ్వాసమ్మ ఇంటి దండెం

బేతంచెర్లలో బట్టలు ఉతకడం పెద్ద పని కాదు, ఆరేయడమే పని. గాలి పడమర నుంచి తోలితే ఫరవాలేదు. తూర్పు నుంచి తోలిందా, నాపబండలు అరగదీసే పాలిష్ ఫ్యాక్టరీల తెల్లదుమ్మంతా మోసుకొచ్చి తడిబట్టల మీద పరుస్తుంది. నల్ల ప్యాంటు ఆరేసిన మనిషి గంట తరువాత బూడిదరంగు ప్యాంటు తీసుకోవచ్చు. అందుకే విశ్వాసమ్మ రోజూ పొద్దున్నే బకెట్టు పట్టుకుని పెరట్లోకి వచ్చి, గాలి ఎటునుంచి వస్తోందో కాసేపు నిలబడి చూసుకుని, ఆ తరువాతే దండెం మీద మొదటి బట్ట వేసేది.

ఆ ఇంట్లో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అక్కడి దండెం మీద బట్ట పూర్తిగా ఆరిందంటే, తొడుక్కునే మనిషి మనసు ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్ళిపోతుంది. క్లిప్పులు పెడితే క్లిప్పులతో సహా పోతుంది. విశ్వాసమ్మ అత్త కాలం నుంచీ అంతే. వీధిలో ఎవరికీ అదొక వింత కాదు, కంటపడిన బట్టను మడతపెట్టి తెచ్చి అరుగు మీద పెట్టి పోయేవాళ్ళు. విశ్వాసమ్మ మొగుడు పెద్దన్న బతికున్న రోజుల్లో ఆయన చొక్కాలు కల్లు అంగడి వైపే పోయేవి. ఆమె వెళ్ళి తెచ్చుకునేది గానీ ఆయన్ను ఒక్క మాట అనేది కాదు. చొక్కా అంతా చెప్పేశాక ఇంక అనడానికేముంది? ఆయన పోయిన వారానికి ఆ చొక్కాలన్నీ ఉతికి ఆరేస్తే, చీకటి పడేదాకా దండెం మీదనే ఉన్నాయి. ఆ రోజు ఆమె వాటి కింద కూర్చుని ఏడ్చింది.

కొడుకు యేసుప్రసాద్‌ది పాలిష్ ఫ్యాక్టరీలో పని. నిమ్మళమైన మనిషి, ఎవరి జోలికీ పోడు. అతని చొక్కాలు క్రికెట్ ఆడే బయలుకో, స్టేషన్ ముందరి టీ బంకుకో పోయేవి. విశ్వాసమ్మ చీరలు ఇస్కూలుకు పోయేవి, ఇరవై ఏళ్ళుగా ఆమె అక్కడ పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతోంది. కోడలు ప్రసన్నకుమారి ఓర్వకల్లు పిల్ల, సర్కారు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన కొత్తలో ఆమె చున్నీలు బస్సెక్కి ఓర్వకల్లు పోతుంటే, కండక్టరు వాటిని ముందు సీటులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, తిరుగు ట్రిప్పులో తెచ్చి ఇచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి అవి ఆసుపత్రి దాకా పోయి ఆగిపోవడం మొదలుపెట్టాయి. కోడలికి ఊరు అలవాటైందని అత్తకు అలా తెలిసింది.

ఇంత సుఖంలోనూ ఒక లోటుంది. ఆ ఇంట్లో ఎవరికీ ఎదుటి మనిషి మనసులో ఏముందో అడగడం రాదు. అడగాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

ప్రసన్నకు పాప పుట్టాక ఆ ఇంటికి డ్రయర్ వచ్చింది. దండెం మీది గుడ్డలు కట్టీ కట్టీ పాప తొడలు ఎర్రగా కందిపోయాయి. రాతిదుమ్ము పడని గుడ్డలు కట్టమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మొగుడూ పెళ్ళాం కర్నూలు పోయి, కరెంటు తక్కువ తినే రకం ఒకటి చూసి, లారీలో వేయించుకుని వచ్చారు. అందులో ఫ్రిజ్జులో ఉన్నట్టే ఒక పంపు ఉంటుందట. పుట్టిన వేడిని బయటికి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ తిప్పి వాడుకుంటుందట. అందుకే పాతరకం డ్రయర్ తినే కరెంటులో సగం చాలట.

పక్కింటి గురమ్మ పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని ఆ మిషన్ని దింపేటప్పటి నుంచీ చూసింది.

"బండ మీద రొట్టె కాలే ఎండ పెట్టుకోని బట్టలకు మిషనా వదినా? ఊర్లో నవ్వరూ?" అంది.

"ఎండ ఊరికే వస్తాది గురమ్మా. దుమ్ము గూడా దాంతోనే ఊరికే వస్తాది" అంది విశ్వాసమ్మ.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, అది మంచి మిషనే. పాప ఒళ్ళు పది రోజుల్లో నున్నబడింది. తువ్వాళ్ళు మెత్తగా వచ్చేవి. తడిబట్టల్లోంచి పిండిన నీళ్ళు అడుగున డబ్బాలో చేరితే, విశ్వాసమ్మ వాటిని కరివేపాకు చెట్టుకు పోసేది. మూడు రోజులకొకసారి కొళాయి వచ్చే వీధిలో అది తక్కువ లాభమేమీ కాదు. అయితే దానికి తొందర తెలియదు. దండెం మీద ముక్కాలు గంటలో ఆరే బట్టలకు మూడు గంటలు తీసుకునేది. సగానికి మించి బట్టలు కుక్కితే పచ్చిగానే బయటికి తోసేది. ప్రతిసారీ తలుపు దగ్గరి జల్లెడలో చేరిన పీచు తీయకపోతే మొరాయించేది. వోల్టేజీ పడిపోతే సరేసరి. పైగా బట్టలకు ఎండ వాసన ఉండేది కాదు. విశ్వాసమ్మ తన చీరను ముక్కు దగ్గర పెట్టుకుని, ఏదో మరిచిపోయినదానిలా కాసేపు నిలబడేది.

మిషన్లో ఆరిన బట్ట ఎక్కడికీ పోలేదు. గాలి తగలని బట్టకు దారి తెలియదు కాబోలు. మొదట్లో అందరికీ హాయిగానే ఉంది. ఎవరి చొక్కా ఎక్కడ పడిందోనని వీధులు తిరిగే బాధ తప్పింది. బీరువా తెరిస్తే అన్నీ ఉన్నాయి.

అలా ఐదు నెలలు గడిచాయి. మార్చి వచ్చింది, ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆదివారంతో ప్రసన్న కాన్పు సెలవు అయిపోతుంది. పగటిపూట పాపను చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి, అంటే అత్తాకోడళ్ళలో ఒకరు పని మానుకోవాలి.

ప్రసన్న రాత్రిపూట అత్త మోకాళ్ళకు నూనె రాసుకోవడం చూసింది. ఈ వయసులో అంత వంట చేసొచ్చిన మనిషి మీద బిడ్డను కూడా వేస్తే పాపం తగులుతుందనుకుంది. ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది. రాసిన రోజు అన్నం సహించలేదు.

విశ్వాసమ్మ కోడలు పాపకు పాలిస్తూ కళ్ళు తుడుచుకోవడం చూసింది. బిడ్డను వదిలి పోలేక కాదు, ఉద్యోగం పోతుందని ఏడుస్తోందని సరిగ్గానే అర్థం చేసుకుంది. తన గరిటె ఎవరికైనా అప్పజెప్పాలనుకుని, వెనక వీధి హులిగెమ్మకు సోమవారం నుంచి రమ్మని చెప్పి వచ్చింది. చెప్పి వస్తూ దారిలో రెండుచోట్ల కూర్చుంది. మోకాళ్ళ నొప్పి వల్ల కాదు.

ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నది మాత్రం వేరు.

"నాకు ఇంటి కాడ ఉండాలనే ఉండాది అత్తా, ఆసుపత్రి అంటేనే ఇసుగొచ్చింది" అంది ప్రసన్న.

"నాకూ ఆ పొయ్యి కాడ నిలబడేది శాతకాలేదమ్మా, నేనే ఉంటా" అంది విశ్వాసమ్మ.

యేసుప్రసాద్ ఇద్దరి మాటలూ విని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచను కూడా లేదు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి, ఆదివారం చర్చికి కట్టుకునే బట్టలూ, బీరువాలోంచి తీసి ఉతికిన ప్రసన్న యూనిఫామూ లోపల తిరుగుతుండగా మిషన్ ఆగిపోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సోమవారం దాకా కరెంటు రాదని లైన్‌మన్ చెప్పాడు. సగం తడి బట్టలు మిషన్లోనే వదిలేస్తే ముక్కవాసన పడతాయి, దండెం మీద వేయక తప్పదు.

అప్పుడు చూడాలి అత్తాకోడళ్ళ అవస్థ. ప్రసన్న తన తెల్ల యూనిఫామును మూలనున్న నీడలో వేసింది. నీడ జరిగినప్పుడల్లా వెళ్ళి దాన్నీ జరిపింది. విశ్వాసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎవరూ చూడకుండా తన నేత చీర మీద చల్లింది. అది ఆరబోతుంటే మళ్ళీ చల్లింది. గోడ మీదినుంచి గురమ్మకు అంతా కనిపిస్తూనే ఉంది. ఆ పూట పని లేక ఇంటి దగ్గరే ఉన్న యేసుప్రసాద్ మాత్రం ఏ ఆలోచనా లేకుండా తన గళ్ళచొక్కాను నడి ఎండలో వేసి, గాలి రావడం లేదని తువ్వాలు భుజాన వేసుకుని టీ బంకు వైపు పోయాడు.

ఎండ ముందర ఎవరి తెలివీ పారలేదు. పాపకు పాలు పట్టి నడింట్లో ఉయ్యాల్లో వేసి, ఇద్దరూ వసారాలో ఒక కునుకు తీసి లేచేసరికి దండెం ఖాళీగా ఉంది.

నాలుగున్నరకు ఇస్కూలు పెద్ద టీచరమ్మ రామేశ్వరమ్మ వచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఆలస్యంగా బయల్దేరిందట.

"విశ్వాసమ్మా, నీ చీర వంటగదిలో ఉండాది. పెద్దగరిటెకు చుట్టుకోని వదలకుండా ఉంటే మెల్లగా విడిపించుకోని తెచ్చినా" అని ఆమె చేతిలో పెట్టింది.

ఆమె గడప దాటకముందే ఆంబులెన్సు డ్రైవరు బొజ్జన్న యూనిఫాముతో వచ్చాడు.

"సూదులేసే గదిలో కుర్చీలో కూర్చోని ఉండాదమ్మా. నలుగురు పేషంట్లు దాని ముందర వరసలో గూడా నిలబడినారు" అన్నాడు.

చీర పట్టుకుని అత్త, యూనిఫాము పట్టుకుని కోడలు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక అక్కడే నిలబడ్డారు. ప్రసన్నకే ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. బ్యాగులోంచి కాగితం తీసి చింపేసింది. విశ్వాసమ్మ చీరను మడిచి భుజాన వేసుకుంది.

"హులిగెమ్మకు వద్దని చెప్పాల ఇప్పుడు" అంది.

"అది సరే వదినా. ఇద్దరూ పోతే బిడ్డనెవరు చూస్తారు?" అంది గోడ మీదినుంచి గురమ్మ.

నవ్వు ఆగిపోయింది. అంతలో యేసుప్రసాద్ వచ్చాడు.

"నా చొక్కా ఏదమ్మా?"

"టీ బంకు కాడ లేదా?"

"ఆణ్ణించే వస్తాండా. ఆడ లేదు. గ్రౌండు కాడా చూసినా."

లోపల పాప కదిలిన చప్పుడైంది. ప్రసన్న నడింట్లోకి వెళ్ళి, అక్కడే ఆగిపోయి, "అత్తా, ఒకసారి రా" అని పిలిచింది. ముగ్గురూ చీర ఉయ్యాల ముందు నిలబడ్డారు. గళ్ళచొక్కా అక్కడ ఉంది. ఒక చెయ్యి ఉయ్యాల తాడుకు చుట్టుకుని ఉంది. రెండో చెయ్యి లోపలికి వేలాడుతోంది. పాప దాని చివరను పిడికిట్లో పట్టుకుని, నిద్రలోనే నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది.

విశ్వాసమ్మ కొడుకు వైపు తిరిగింది. అతను తలొంచుకున్నాడు.

"చొక్కా సంగతి పక్కన పెట్టు. నువ్వు నోటితో చెప్పు. నీకేం గావాల?" అంది ప్రసన్న.

ఆ ఇంట్లో ఆ మాట అడగడం అదే మొదలు.

యేసుప్రసాద్ తువ్వాలు కొసను మెలిపెట్టాడు. "నేను పనికి పోయేటప్పుడు నిద్దర్లో ఉంటాది. వచ్చేసరికి మళ్ళా నిద్దరపోతాది. ఆదివారం ఒక్కరోజు ఎత్తుకుంటే నన్ను చూసి కొత్తమనిషి అనుకోని ఏడుస్తాది. నాకు శానా బాధగా ఉండాది ప్రసన్నా. మీరిద్దరూ పొయ్యి రాండి. పగలు బిడ్డను నేను చూసుకుంటా. ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు అడిగి పెట్టించుకుంటా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమి?"

"మొగోడు అడిగే మాటా ఇది అనుకున్యా."

"నీళ్ళు పోసేది వచ్చునా నీకు?" అంది తల్లి.

"నేర్పియ్యి."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేర్పించింది. పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకోవడం రాక మొదట తానే తడిసి ముద్దయ్యాడు. పాప ఏడవలేదు. ఇంక మీదట పాప గుడ్డలు మిషన్లో, పెద్దవాళ్ళ బట్టలు వారానికొకసారైనా దండెం మీద అని విశ్వాసమ్మ తీర్పు చెప్పేసింది. దుమ్ము పడితే దులుపుకోవచ్చంది.

సోమవారం ఎనిమిదింటికి అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి వీధిలోకి దిగారు. సాయంత్రం షిఫ్టుకు మారిన యేసుప్రసాద్ పాపను భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఫ్యాక్టరీకి పోతున్న దావీదురాజు అతన్ని చూసి బండి ఆపాడు.

"ఏమప్పా ప్రసాదూ, టైమయితాంది. పనికి రావా?"

యేసుప్రసాద్ పాప వీపు మీద మెల్లగా తడుతూ చెప్పాడు.

"పనిలోనే ఉండాప్పా."